‘అలాగే’ అన్నవాళ్ళ ఓటు

పోయిన నెల మా తెలుగు చర్చి విందులో లీనా నన్ను పట్టుకుంది. మా స్నేహితుల కూతురు, ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఓ ఒపీనియన్ పోల్ కంపెనీలో కొత్తగా చేరింది. నేను ఆ పనే చాలా ఏళ్ళు చేసి రిటైరైన వాణ్ణని వాళ్ళమ్మ చెప్పిందట.

“అంకుల్, ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో పెద్దవాళ్ళు ఎవరైనా ఒకర్ని ఎండార్స్ చేస్తే, అంటే ఈయనకే వేయండంటే, ఓట్లు మారతాయా? యెస్ ఆర్ నో?”

“యెస్, నో మాత్రమే ఇచ్చి ప్రశ్న అడిగితే మా బాస్ పెన్సిల్ విసిరేది.”

“అయితే మేబీ.”

“నిలబడి బిర్యానీ తినేటప్పుడు అందరూ మేబీ అనే అంటారమ్మా. దాన్ని జవాబుగా రాసుకోకు. ముందు తిను.”

ఆ పిల్ల తిన్నది. నేను మాత్రం జవాబు బాకీ పడ్డాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు కనుక ఇక్కడ రాస్తున్నాను. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చిందీ, ఎన్ని రిపోర్టులు రాసిందీ చెప్పను. ప్రమోషన్లు తక్కువ, రిపోర్టులు ఎక్కువ. రెండింటిలోనూ ఆసక్తికరమైనదేమీ లేదు.

జే. పాల్

నా పేరు జయపాల్. ఊరు నరసాపురం. వాల్తేరులో స్టాటిస్టిక్స్ చదివి, డెట్రాయిట్ వచ్చి ఇంకొంచెం చదివి, డెబ్భైల చివర్లో కార్ల కంపెనీలో ఉద్యోగం కోసం కూర్చున్నాను. ఆ రోజుల్లో కార్ల కంపెనీలు ఉన్నవాళ్ళను ఇంటికి పంపే పనిలో చాలా తీరిక లేకుండా ఉన్నాయి. అలా మార్జ్ దగ్గర తేలాను.

మార్జ్ అరవైకి దగ్గరపడిన మనిషి. పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదుల్లో సర్వే కంపెనీ నడిపేది. మేం పైన ఫోన్లో జనాన్ని ప్రశ్నలు అడుగుతుంటే కింద డ్రిల్ మోగుతుండేది. అధ్యక్షుడి పనితీరు గురించి అడిగితే, ఆ మోత విని, తమ దవడపన్ను సంగతి చెప్పినవాళ్ళు ఉన్నారు. రెండు జవాబుల్లోనూ బాధ ఒకేలా ఉండేది.

చేరిన రోజు పేరు అడిగింది. జయపాల్ అన్నాను. బల్ల మీద పెట్టే చెక్క పలక మీద ‘జే. పాల్’ అని రాయించింది. జే అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ‘జయ’ అనేవాణ్ణి. ఓహో, ఫస్ట్ నేమ్ అనేవారు. నేను దిద్దలేదు. ఫోన్లో పాల్ అంటే జనం పెట్టెయ్యకుండా రెండో ప్రశ్న దాకా ఉండేవారు.

ఇంగ్లీషులో మీరు, నువ్వు అనే తేడా లేదు గానీ మార్జ్‌ని నేను మనసులో ఎప్పుడూ ‘మీరు’ అనే అనుకున్నాను. ఆవిడ నన్ను ‘నువ్వు’ అనే అనుకుని ఉంటుంది.

“జనం అబద్ధాలు చెప్పరు పాల్,” అంది మొదటి వారమే. “తమకు వినపడిన ప్రశ్నకు జవాబు చెబుతారు. వాళ్ళకు ఏం వినపడిందో కనుక్కోవడమే మన ఉద్యోగం.”

ఈ మాటకు మించి ఎవరూ నాకేమీ నేర్పలేదు. మార్జ్‌లో లోపం లేదని కాదు. క్లయింటుకు నచ్చని సంగతిని నాలుగో పేజీలో పెట్టి, మొదటి పేజీలో వాతావరణం బాగుందన్నట్టు రాసేది. “అబద్ధం రాయలేదుగా” అనేది. రాయలేదు, నిజమే. కానీ మొదటి పేజీ దాటి చదివే క్లయింటును నేను ఎక్కువగా చూడలేదు.

పత్రికాధిపతి గారి సంపాదకీయం

మొదట్లోనే వచ్చిన ఓ చిన్న కేసు చెబుతాను. పేరు చెప్పనక్కరలేని ఓ ఊరి పత్రిక యజమాని మా దగ్గరకు వచ్చాడు. ప్రతి అధ్యక్ష ఎన్నికకూ ముందు ఫలానా అభ్యర్థికి వేయండని ఆయన పత్రిక సంపాదకీయం రాస్తుంది. దాని ప్రభావం ఎంతో తేల్చమన్నాడు. ఉందా లేదా అని కాదు, ఎంత అని. అది ఆయన అడిగిన తీరు.

మేం పాఠకులకు ఫోన్ చేసి, మీ పత్రిక ఎవర్ని బలపరిచింది అని ముందు అడిగాం. చాలామంది ఠక్కున చెప్పారు. ఒక్కటే ఇబ్బంది. ఎవరికి ఏ అభ్యర్థి ఇష్టమో, పత్రిక ఆ అభ్యర్థినే బలపరిచిందని చెప్పారు. ఇరుపక్షాలవాళ్ళూ ‘మంచి పత్రికండీ, సరిగ్గా రాశారు’ అని మెచ్చుకున్నారు.

యజమానికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను తల పట్టుకుంటే మార్జ్ మొదటి పేజీలో ఇలా రాసింది: ‘మీ సంపాదకీయంతో దాదాపు అందరూ ఏకీభవించారు.’ ఆయన దానికి ఫ్రేము కట్టించుకున్నాడని విన్నాను.

ఎడ్

ఇక అసలు కేసు. ఎనభైల్లో వచ్చిన ఓ అధ్యక్ష ఎన్నిక. ఏ సంవత్సరమో, ఏ పార్టీయో రాయను. రాస్తే మీరు ఎవరు గెలిచారో చూసుకుని అదే జవాబనుకుంటారు.

ఓ అభ్యర్థి తరఫున మా జిల్లాల్లో ప్రచారం చూసే క్రెయిగ్ అనే యువకుడు వచ్చాడు. టై బాగా కట్టుకునేవాడు. అతని చేతికి ఓ పెద్ద చేప చిక్కింది. ఎడ్.

ఎడ్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కడి కార్మిక సంఘానికి చాలాకాలం అధ్యక్షుడుగా ఉండి, రిటైరైన మనిషి. భుజాలు తలుపుకి సరిపోయేవి కావు. సమ్మె రోజుల్లో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కనుక్కుని వెళ్ళినవాడు. ఆ సంఘం ఎప్పుడూ ఒక పార్టీ వైపే. ఈసారి ఎడ్ మనసు అవతలి పార్టీవాడైన క్రెయిగ్ అభ్యర్థి మీదకు పోయింది. కారణాలు ఆయనవి. నేను అడగలేదు. అడిగితే నా అభిప్రాయం కూడా చెప్పాల్సి వస్తుంది, అది ఈ వృత్తిలో పనికిరాదు.

ఎడ్ భార్య పోయి కొంతకాలమైంది. పిల్లల్లేరు. ఆయనకు మిగిలింది గురువారం. ప్రతి గురువారం మధ్యాహ్నం సంఘం హాల్లో యూకర్ ఆడేవారు. అది మిషిగన్‌లో ఇంటింటా ఆడే పేకాట. నలుగురు కావాలి, ఇద్దరిద్దరు ఒక జట్టు. ఎడ్ జట్టు స్టాన్ అనే పాత ఫిట్టర్. ఫ్యాక్టరీలో పక్కపక్కనే నిలబడ్డప్పటి నుంచీ వాళ్ళిద్దరూ ఒకే జట్టు. ఆ హాల్లో పార్టీ మారినవాడితో ఎవరూ దెబ్బలాడరు. అతను కూర్చున్న బల్ల దగ్గర కూర్చోరు, అంతే. అలా ఒంటరిగా కాఫీ తాగి, తర్వాత కాఫీకి కూడా రావడం మానేసిన ఓ పెద్దమనిషిని ఎడ్ ఎరుగును.

“నా వాళ్ళు నా వెంట వస్తారంటే లేచి చెబుతాను,” అన్నాడు మా ఆఫీసులో కూర్చుని. “రారంటే, నా ఓటు నేను వేసుకుని నోరు మూసుకుంటాను. నాకు గురువారాలు కావాలి.”

వస్తారో రారో కనుక్కోవడం మా పని.

క్రెయిగ్ అప్పటికే తన వాలంటీర్లతో సంఘం హాల్లో ఓ సర్వే చేయించాడు. ‘ఎడ్ బలపరిస్తే ఆ అభ్యర్థికి ఓటు వేస్తారా?’ అని అడిగారు. దాదాపు అందరూ ‘ష్యూర్’ అన్నారు. కొందరు ‘ఎడ్ చెబితే ఇంకేం కావాలి’ అన్నారు.

“అప్పుడు ఎడ్ ఎక్కడున్నారు?” అని అడిగాను.

“అక్కడే,” అన్నాడు క్రెయిగ్. “అందరికీ కాఫీ పోస్తున్నారు.”

మార్జ్ పెన్సిల్ వైపు చూసింది. క్లయింటు కనుక విసరలేదు.

క్వయర్ ప్రాక్టీసు

ఆ ‘ష్యూర్’ నాకు ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడ విన్నానో ఆదివారం తెలిసింది.

అప్పట్లో మా తెలుగు చర్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఓ అమెరికన్ చర్చి కింది హాల్లో ఆదివారం మధ్యాహ్నం కూడుకునేది. గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు కుటుంబాలు కొన్ని. మా పాస్టరు అయ్యగారు మంచివారు, ఆశావాది. ఆ రోజు ఆరాధన అయ్యాక అన్నారు: “శనివారం ఉదయం క్వయర్ పాటల ప్రాక్టీసు. అందరూ రావాలి.”

హాలంతా “అలాగేనండీ” అంది. నేను కూడా గట్టిగా అన్నాను.

కారెక్కాక మా ఆవిడ కరుణ అడిగింది. “శనివారం వెళతారా?”

“ఎక్కడికి?”

“ఇప్పుడేగా అలాగేనండీ అన్నారు!”

“అయ్యగారు అడిగితే ఏమంటాం? రానండీ అంటామా?”

“మరి వస్తారని ఆయన అన్ని కుర్చీలు వేస్తారు పాపం.”

“ఆయన తెలుగువాడే కదా, తెలీదా?”

“ప్రతిసారీ వేస్తూనే ఉన్నారు,” అంది.

అక్కడ దొరికింది నాకు. ‘అలాగేనండీ’ అనేది అవును కాదు. అడిగిన పని గురించి చెప్పిన మాటే కాదది. అడిగిన మనిషికి చెప్పిన మాట: మీరంటే గౌరవం ఉంది, మిమ్మల్ని నొప్పించను, ఇప్పుడు ఈ విషయం వదిలేద్దాం. ఈ మాటతో పెరిగిన మనం వినగానే విప్పుకుంటాం. ఎదుట నిలబడి అడిగినవారు మాత్రం, తెలుగువారైనా సరే, కుర్చీలు వేస్తారు. ఫ్యాక్టరీవాళ్ళ ‘ష్యూర్’ అదే ‘అలాగేనండీ’. వాళ్ళకు వినపడిన ప్రశ్న ఓటు గురించి కాదు. ‘ఎడ్ అంటే మీకు ఇష్టమేనా?’ అని వినపడింది. ఇష్టమే అన్నారు.

సోమవారం మార్జ్‌కి చెప్పాను. మొత్తం విని, “మీ భాషలో ఒక్క మాటతో ఇంత పని అవుతుందా?” అంది. “మాకు దీనికి ఓ డిపార్ట్‌మెంట్ కావాలి.”

సర్వే మళ్ళీ చేశాం. ఈసారి ఫోన్లో, ఎవరి ఎదుటా కాకుండా. కార్మిక సంఘం సభ్యుల్ని లాటరీ తీసినట్టు రెండు భాగాలు చేశాం. ఒక సగానికి అభ్యర్థుల పేర్లు మాత్రమే చెప్పి ఎవరికి వేస్తారని అడిగాం. రెండో సగానికి, ఎడ్ ఫలానా ఆయన్ని బలపరచవచ్చని అంటున్నారు అని ముందు చెప్పి అదే ప్రశ్న అడిగాం. ఎడ్ మాట వింటారా అని ఎవర్నీ అడగలేదు. రెండు సగాలనూ పక్కన పెట్టి చూస్తే చాలు, జవాబు దానంతటదే వస్తుంది. లీనా, ఈ పద్ధతి నువ్వు చదువుకునే ఉంటావు. ఎందుకు కావాలో పుస్తకంలో రాయరు.

ఓట్లలో రెండు సగాలకూ తేడా చెప్పుకోదగ్గంత లేదు. చివర్లో, ‘ఎడ్ మీద మీ అభిప్రాయం ఏమిటి?’ అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఉంది. ఎడ్ అవతలివైపు వెళ్ళవచ్చని విన్న సగంలో ఆయన మీద అభిప్రాయం తగ్గింది. అభ్యర్థికి ఎడ్ ఏమీ ఇవ్వలేకపోయాడు, తన దగ్గరున్నది పోగొట్టుకున్నాడు.

పార్కింగ్ లాట్‌లో

రిపోర్టు క్రెయిగ్‌కి ఇచ్చాం. నాలుగో పేజీలో ఉండాల్సింది ఈసారి మొదటి పేజీలోనే పెట్టమని నేను పట్టుబట్టాను. మార్జ్ ఒప్పుకుంది. అయినా క్రెయిగ్ మాకన్నా తెలివైనవాడు. ఎడ్‌కి మా రిపోర్టు చూపించనే లేదు. తన పాత సర్వే కాగితం చూపించాడు.

కొన్నాళ్ళకు కార్మిక సంఘం హాలు బయట ఎడ్ కనిపించాడు. చలి మొదలైంది. నేను కారు తలుపు తీస్తుంటే వచ్చి దాని మీద చెయ్యి వేశాడు.

“అందరూ నా వెంట వస్తారట. ఆ కుర్రాడు కాగితం చూపించాడు. నువ్వు చెప్పు పాల్. వస్తారా?”

రిపోర్టు రాసినవాడిది కాదు, కొనుక్కున్నవాడిది. అందులోని ముక్క బయట చెబితే ఆ రోజుతో నా ఉద్యోగం సరి, మార్జ్ పేరు సరి. ఆ నియమం మంచిదే, దాన్ని నేను తప్పలేదు. కానీ తలుపు మీద ఉన్న చెయ్యి చాలా పెద్దది.

“మా చర్చి సంగతి చెప్పనా?” అన్నాను.

“చర్చా?”

“మా భాషలో ఓ మాట ఉంది. అలాగే. అంటే ష్యూర్ అని.” అయ్యగారి గురించీ, శనివారం గురించీ చెప్పాను. హాలంతా ముక్తకంఠంతో అలాగేనండీ అన్నదని చెప్పాను.

“ప్రాక్టీసుకి ఎంతమంది వచ్చారు?”

“ముగ్గురు. అందులో ఒకరు అయ్యగారు. ఇంకొకరు ఆయన భార్య.”

ఎడ్ పెద్దగా నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. చెయ్యి తలుపు మీద నుంచి తీశాడు.

“మీ పాస్టర్ మీద వాళ్ళకు ఇష్టం లేకనా?”

“చాలా ఇష్టం. అందుకే అలాగే అన్నారు.”

“హ్మ్,” అన్నాడు. తల ఊపి హాల్లోకి వెళ్ళిపోయాడు. అది గురువారం.

తర్వాత జరిగిన సంఘం సమావేశానికి ఎడ్ మాట్లాడతాడని క్రెయిగ్ పోస్టర్లు అచ్చేయించుకుని వచ్చాడు. ‘ఎడ్ చెప్పాడు, మనం వేద్దాం’ అని వాటి మీద ఉంది. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఎడ్ నోరు మూసుకుంటాడనే అనుకున్నాను.

ఎడ్ లేచాడు.

“నేను ఆయనకే వేస్తున్నాను,” అని అభ్యర్థి పేరు చెప్పాడు. హాలు చల్లబడింది. “మీకు నచ్చదని తెలుసు. నన్ను ఇన్నాళ్ళు నమ్మినవాళ్ళకు వెనకనుంచి తెలియకూడదని చెబుతున్నాను. మిమ్మల్ని వేయమని అడగడం లేదు. ఎవరికి వేస్తారో నాకు చెప్పొద్దు. నాకోసం ష్యూర్ అని మాత్రం అనొద్దు.”

కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఈలలూ వేయలేదు. క్రెయిగ్ పోస్టర్ల కట్ట మీద కోటు కప్పాడు.

ఆ గురువారం స్టాన్ రాలేదని విన్నాను. ముగ్గురితో యూకర్ సాగదు.

లీనాకు జవాబు

ఎన్నిక అయింది. ఎవరో ఒకరు గెలిచారు, ఎప్పుడూ జరిగేదే.

నేను చూసినంతలో చెబుతాను. ఊరి జడ్జీ పదవికో, స్కూలు బోర్డుకో పోటీ అయితే పెద్దమనిషి మాట పనిచేస్తుంది. ఓటరుకు ఆ పేర్లు తెలియవు, ఏదో ఒక ఆసరా కావాలి. అధ్యక్ష ఎన్నిక దగ్గరకు వచ్చేసరికి ఓటరు దగ్గర సమాచారం కావలసిన దానికన్నా ఎక్కువే ఉంటుంది. అప్పుడు సినిమా నటుడు చెప్పినా, పాత గవర్నరు చెప్పినా, తను అప్పటికే అనుకున్నదాన్ని బలపరిచేదే వింటాడు. దానికి ఎదురైనది వినపడితే చెప్పినవాడి మీద అనుమానపడతాడు. మరి ఇంత హడావుడి ఎందుకంటే, ఎండార్స్‌మెంట్లు చదివేది ఓటర్లు కాదు, ప్రచారానికి విరాళాలిచ్చేవాళ్ళు, పత్రికలవాళ్ళు, ఇతర ఎండార్సర్లు.

ఇదంతా నమ్మి లీనాకు ‘నో’ అని చెప్పి భోజనం ముగించవచ్చు. చాలాకాలం అలాగే ముగించాను కూడా. కానీ ఒక్క సంగతి లెక్కలోకి రాకుండా మిగిలిపోయింది.

ఆ డిసెంబరులో మా తెలుగు చర్చి క్రిస్మస్ కార్యక్రమం. ఎడ్ ఒంటరిగా ఉంటాడేమోనని ఫోన్ చేసి పిలిచాను. ఆయన అవతలినుంచి నవ్వి, మాటను మూడు ముక్కలు చేసి, “ఆ-లా-గే, పాల్” అన్నాడు.

ఆ ఏడు కుర్చీల పని నాది. సర్వే మనిషిని కదా, అలాగే అన్నవాళ్ళను తీసేసి లెక్కవేసి వేశాను.

“ఎడ్ గారికో కుర్చీ వేయండి,” అంది కరుణ.

“ఆయన అలాగే అన్నాడు. ఆ మాట నేర్పింది నేనే.”

“మీరు నేర్పితే మాత్రం, ఆయన తెలుగువాడైపోతాడా?”

నేను వేయలేదు.

రెండో పాట మధ్యలో వెనక తలుపు తెరుచుకుంది. ఎడ్ వచ్చాడు. వెనక ఇంకో ముగ్గురు. బరువైన కోట్లలో ఆ నలుగురూ గోడవారగా నిలబడ్డారు. చివరివాడు స్టాన్. అర్థం కాని తెలుగు పాటకు గౌరవంగా టోపీ తీసి పట్టుకున్నాడు.

నేను వెనక్కి వెళ్ళాను. ఎడ్ అయ్యగారికి షేక్ హ్యాండ్ ఇస్తున్నాడు. స్టాన్ పక్కన నిలబడి మెల్లగా అడిగాను.

“ఎడ్ రమ్మన్నాడా మిమ్మల్ని?”

“లేదు,” అన్నాడు స్టాన్. “తను వెళ్తున్నానన్నాడు.”

నేను కుర్చీలు తేవడానికి వెళ్ళాను.